కోడిని కుట్టిన సూది

రాజ్యశ్రీ కోడిని ఒళ్లో బోర్లా పడుకోబెట్టుకుని, దాని తల మీద పాత జాకెట్ గుడ్డ కప్పింది. కళ్లకు చీకటైతే కోడి గింజుకోదు. పుట్టింట్లో అమ్మ చేస్తుంటే చూసిన పని అది. గుడ్డ కప్పగానే అంతసేపూ రెక్కలు కొట్టుకున్న నల్లపెట్ట మెత్తబడింది. కాళ్లు మాత్రం ఉండుండి సాగదీస్తోంది. దాని గుండె ఆమె తొడ మీద టకటకా కొట్టుకుంటోంది. ఆ దడ దానిదో తనదో రాజ్యశ్రీకి తెలియడం లేదు.

గాయం రెక్క మొదట్లో ఉంది. తోలు చీలి పక్కకు మడతపడి, కింద కండ తడితడిగా మెరుస్తోంది. చుట్టూ ఈకలు నెత్తురుతో అట్టకట్టాయి. ఉప్పు వేసి కాచి చల్లార్చిన నీళ్లు గ్లాసుతో కొంచెం కొంచెం పోస్తూ ఆ ఈకల్ని ఒక్కొక్కటే పీకింది. పీకినప్పుడల్లా గుడ్డ కింద నుంచి చిన్న మూలుగు.

"అయిపోయిందే, అయిపోయింది తల్లీ..."

ఉయ్యాలలో పాపను జోకొట్టే గొంతే అది. పాప పక్కనే, పందిరి గుంజకు కట్టిన చీర ఉయ్యాలలో నిద్రపోతోంది. ఇంకో పక్క బోర్లించిన గంప కింద కోడిపిల్లలు ఒకటే కీచులాట. గుడ్డులోంచి బయటికొచ్చిన దగ్గర నుంచి తల్లి రెక్క కింద తప్ప పడుకోని పిల్లలు. ఈ పెట్ట పోతే గద్దలు వాటిని పొద్దుగుంకే దాకా కూడా మిగల్చవు. అందుకే అత్త ఇంట్లో లేని సమయం చూసి కుట్టడానికి కూర్చుంది. అత్త ఉంటే గాయం చూసిన మరుక్షణం పొయ్యి మీద ఎసరు పెట్టమనేది.

ఏం పట్టుకుందో రాజ్యశ్రీ చూడలేదు. పాపకు నీళ్లు పోస్తుంటే ఇంటి వెనక కోడి అరిచింది. తడి బిడ్డను చంకనేసుకుని పరుగెత్తేసరికి కంది కట్టెల దడి పక్కన పెట్ట ఒరిగిపోయి పడి ఉంది. ముంగిస అయి ఉంటుందనుకుంది. ఈ అడవి అంచున కోళ్లకు ముంగిసతోనో అడవి పిల్లితోనో ఎప్పుడూ ఉండే గొడవే.

బొంతలు కుట్టే సూదిని పొయ్యి నిప్పు మీద ఎర్రగా కాల్చింది. నల్లదారం ఎక్కించి, మడతపడిన తోలును వేళ్లతో సరిచేసి, మొదటి కుట్టు వేసింది. కోడి తోలు తడి కాగితంలా పలచగా ఉంటుంది, గట్టిగా లాగితే చినిగిపోతుంది. చెయ్యి వణకకూడదని ఊపిరి బిగబట్టి కుట్టింది. ఆఖరి కుట్టు దగ్గర పెట్ట ఒక్కసారి ఎగిరిపడింది. సూది తోలులోంచి దూసుకొచ్చి ఆమె ఎడమ బొటనవేల్లో దిగింది.

"అబ్బా!"

వేలు నోట్లో పెట్టుకుని చీకింది. సూది గుచ్చుకుంటే ఎవరైనా చేసే పనే. ముడి వేసి, దారం పళ్లతో కొరికి, పసుపు కొబ్బరినూనెలో కలిపి కుట్ల మీద పట్టించింది. అంతలో పాప లేచింది. చేతులు చెంబుడు నీళ్లతో కడుక్కుని, కొంగుకు తుడుచుకుని, బుగ్గ ముద్దు పెట్టుకుని పాలు ఇచ్చింది. పాప కడుపునిండా తాగి, పాలు కారుతున్న నోటితో నవ్వింది. ఆ కొంచెంసేపు రాజ్యశ్రీకి ఎంతో తృప్తిగా అనిపించింది. పెట్ట బతుకుతుంది, దాని పిల్లలు బతుకుతాయి, తన చేతికీ అమ్మ చేతి పనితనం కొంచెం వచ్చింది.

పక్కింటి ఎర్రమ్మ చాట కోసం వచ్చింది అప్పుడే.

"ఏందే రాజీ, కోడికి ఆపరేషన్ చేసినవా?"

"అవ్ చిన్నత్తా. ముంగిస పట్టింది."

"ముంగిస గాదు పిల్లా, కుక్క. నా కండ్లతోని చూసిన గదా. పగిడయ్య ఎర్రకుక్క. నోట్ల కరుసుకొని పోతాంటే నేనే రాయిసిరిన. ఇడిసిపెట్టి ఉరికింది."

"మరి నాకు చెప్పలే?"

"పసుల మంద మీదికి పోతాంటే చూసిన, ఇప్పుడేగా వస్తున్న." ఎర్రమ్మ చాట తీసుకుని వెళ్లబోతూ గడప దగ్గర ఆగింది. "దాని వాలకం ఏం బాగలేదే. మూతి నిండ సొల్లు కారుతాంది. పొద్దున పగిడయ్య లేగదూడను గూడ పీకిందంట. మొరిగితే గొంతు గూడ వేరే తీరు వస్తాందంటున్రు. నువ్వు పిల్లను బయట ఏస్తవేమో, పైలం."

ఎర్రమ్మ మామూలుగానే చెప్పి వెళ్లిపోయింది. ఆమెకు సూది సంగతి తెలియదు.

రాజ్యశ్రీ తన బొటనవేలు చూసుకుంది. మధ్యలో చిన్న ఎర్ర చుక్క. నొక్కితే నొప్పి. ఆ కుక్క పళ్లు దిగిన తోలులోంచి వచ్చిన సూది. ఆ వేలు తను నోట్లో పెట్టుకుంది. ఆ నోటితోనే పాప బుగ్గను ముద్దు పెట్టుకుంది. ఆ తరవాత పాలు ఇచ్చింది.

పాపను ఉయ్యాలలో వేసి జాలారు దగ్గరకు పరుగెత్తింది. బట్టల సబ్బుతో చేతులు మోచేతుల దాకా రుద్దింది. నురగ పోయేలా కడిగి మళ్లీ రుద్దింది. వేలు మండింది. నోట్లో నీళ్లు పోసుకుని పుక్కిలించి ఉమ్మింది. ఉమ్మిన చోట కోడిపిల్ల ఏదైనా పొడుస్తుందేమోనని బూడిద పోసింది. గంప కింద ఉన్న పిల్లలు అక్కడికి ఎలా వస్తాయన్న ఆలోచన రాలేదు.

ఆమె తొమ్మిదో తరగతి దాకా ఆశ్రమ పాఠశాలలో చదివింది. సైన్సు పుస్తకంలో ఒక పేజీ ఆమెకు ఇప్పటికీ కళ్లకు కడుతుంది. గడ్డం ఉన్న ఒక దొర బొమ్మ. ఆయన కుక్కకాటుకు మందు కనిపెట్టాడు. అదే పేజీలో, అదే దొర కింద, పాల సీసా బొమ్మ. పాలలో కంటికి కనిపించని క్రిములు ఉంటాయని, అవి పాల ద్వారా మనుషులకు పోతాయని సారు చదివించారు. మిగతాది రేపు చెప్పుకుందామన్నారు. ఆ రేపు ఆమె బడిలో లేదు. అమ్మకు జ్వరమని నాన్న వచ్చి తీసుకెళ్లాడు. మిరపకాయలు కోసే కాలం. కోత అయ్యాక పెట్టె తెచ్చుకోవడానికి మాత్రమే బడికి వెళ్లింది. గడ్డం దొర, నాలుక వేలాడేసిన కుక్క, పాల సీసా ఆమె తలలో ఒకే బొమ్మగా మిగిలిపోయాయి.

పాలల్లోంచి పోతది. పుస్తకంలో ఉంది.

ఉయ్యాలలో పాప కదిలింది. కదిలితే చాలు, రాజ్యశ్రీ ఉలిక్కిపడుతోంది. చిరంజీవికి ఫోన్ చేసింది. భర్త చర్ల అవతల రోడ్డు పనిలో జేసీబీ మీద ఉన్నాడు. అక్కడ సిగ్నల్ ఉంటే ఉంటుంది, లేకపోతే లేదు. అందుబాటులో లేరన్న ఆడగొంతు మాట పూర్తవక ముందే కట్ చేసి మళ్లీ చేసింది. మళ్లీ అదే గొంతు.

పాప ఏడుపు మొదలుపెట్టింది. అంగన్వాడీలో ఇచ్చిన బాలామృతం పొడి వేడినీళ్లలో కలిపి చెంచాతో పెడితే ఉమ్మేసింది. గంజి పెడితే మూతి తిప్పుకుంది. జాకెట్ పట్టుకుని లాగుతూ, ముఖం ఆమె రొమ్ముకు రాస్తూ అరిచింది. రాజ్యశ్రీ పాపను చేతులు చాపి దూరంగా పట్టుకుంది. ఎప్పుడూ అలా పట్టుకోలేదు. పాపకు అది అర్థం కాక ఇంకా గట్టిగా ఏడ్చింది.

పాలు గడ్డకట్టి రొమ్ములు రాళ్లలా అయ్యాయి. ఇంటి వెనక్కి వెళ్లి పిండుకుంది. పాలు తొక్కుళ్లలో పడకూడదంటారు, చెట్టు మొదట్లో పోయాలి. మునగ చెట్టు దగ్గర వంగింది గానీ చీమలు తాగితేనో, చీమల్ని కోడి తింటేనో అని చిన్న గుంట తవ్వి, అందులో పిండి, మన్ను కప్పి, పైన రాయి పెట్టింది.

అత్త ముత్తక్క ఇప్పపువ్వు గంపతో అడవి నుంచి వచ్చేసరికి పాప గొంతు బొంగురుపోయింది.

"నీ బిడ్డ గొంతు వాగు అవుతలికి ఇనబడ్తాంది. ఏమైందే?" గంప దించకుండానే అడిగింది. ఆమె చూపు పాప మీద నుంచి కోడి మీదికి, కుట్ల మీదికి జారింది. "వారీ! బొంతకు కుట్టుమంటే చేతులు నొస్తున్నయంటవ్, కోడికి మాత్రం మంచి వరసన కుట్టినవ్. కోసుకొని తినే కోడిని కుట్టుకుంటు కూసున్నవా?"

"అత్తా, దాన్ని తినొద్దు. దాన్ని ముట్టుకోకు గూడ."

"ఏందే?"

రాజ్యశ్రీ చెప్పింది. ముందు కుక్క, తరవాత సూది, ఆ తరవాత వేలు, పాలు. చెబుతుంటే మాటలు ఒకదాని మీద ఒకటి పడ్డాయి. ముత్తక్క గంప దించి, కొంగుతో ముఖం తుడుచుకుని, అరుగు మీద కూలబడింది.

"పాలు ఆపుడెందుకే? పిల్ల చస్తది ఆకలికి."

"పాలల్ల పోతది అత్తా. మాకు బడిల చెప్పిర్రు."

"బడిల?" ముత్తక్కకు బడి అంటే ఎక్కడో చిన్న బెరుకు ఉంది. ఆ మాట మీద ఎదురు చెప్పలేకపోయింది. "సరె, ముందైతే దవాఖానకు పోదాం పా. పోతా పోతా బావులు చూసుకుంట పోదాం."

"బావులేంది?"

"కుక్క కరిస్తే ఏడు బావులల్ల తొంగి చూడాలె. గది గూడ చెప్పలేదా మీ బడిల?"

"కరిచింది నన్ను గాదుగా. కోడిని గదా!"

ముత్తక్క ఒక్క క్షణం ఆలోచించింది. "అయితే ఇద్దరు చూడుర్రి."

రాజ్యశ్రీ పాపకు టోపీ పెట్టి, చంకనేసుకుని బయటికి వచ్చేసరికి అత్త చేతిలో మూత గంప ఉంది. మూత కింద నుంచి నల్లపెట్ట గొణుగుతోంది.

"దాన్ని ఎందుకత్తా దవాఖానకు?"

"పాము కరిస్తే పామును చంపి పట్కపోతం గదా, ఏం పామో డాక్టర్ చూడాలని. కుక్క దొరకకపాయె. పండ్ల గాట్లన్న చూస్తడు."

కోడిపిల్లల మీద కన్నేసి ఉంచమని ఎర్రమ్మకు చెప్పి బయలుదేరారు.

వాళ్ల గుంపులో, ఆ చిన్న గూడెంలో, బావులు ఎప్పుడో పోయాయి. నల్లాలు వచ్చాక ఒక దాన్ని చెత్తతో పూడ్చారు. దాంట్లోకి తొంగి చూస్తే పగిలిన ప్లాస్టిక్ బిందె, చిరిగిన చెప్పులు. "ఇది బావే, లెక్కకొస్తది" అంది ముత్తక్క, గంప మూత తీసి కోడి మెడ బావి మీదికి వంచుతూ. రెండో దానికి ఇనుప జాలీ వేసి తాళం పెట్టారు. జాలీకి కన్ను ఆనించి చూస్తే చీకటి తప్ప ఏమీ లేదు. పాప ఏడుపు ఆ చీకట్లోకి వెళ్లి తిరిగి వచ్చింది.

"అత్తా, చాలు. ఎండ ముదురుతాంది. దవాఖాన బందైతది."

"పగిడయ్య చేన్ల ఒకటి నీళ్లున్నది ఉన్నది. దారేగా."

పగిడయ్య బావి గట్టునే ఉన్నాడు, చేతిలో కర్రతో. దూడ పక్కన కట్టేసి ఉంది. దాని చెవికి గుడ్డ చుట్టారు. ముత్తక్క గంప దించి నడుము మీద చేతులు పెట్టింది.

"ఏమన్నా, నీ కుక్క ఏడ?"

"నా కుక్క అనకు చెల్లె. పొద్దటి నుంచి అది నా కుక్క గాదు." పగిడయ్య ముఖం పీక్కుపోయి ఉంది. "పిలిస్తే నన్నే ఎరగనట్టు చూసింది. కొట్టబోతే అడివిల పడ్డది. వెతకడానికి పిలగాండ్లు పోయిన్రు. దొరకలే."

"పిచ్చి లేసిందా మామా?" రాజ్యశ్రీ అడిగింది.

"ఏమో బిడ్డా. ఎండకో, ఏదన్న ఎముక గొంతుల ఇరికిందో. లేసిందనలేను, లేవలేదనలేను."

రాజ్యశ్రీకి కావాల్సింది ఈ రెంటిలో ఏదో ఒకటి. పిచ్చి లేదంటే బిడ్డను రొమ్ముకు హత్తుకునేది. ఉందంటే కనీసం ఏడ్చేది. బావిలోకి తొంగి చూసింది. లోపల పచ్చటి నీళ్లలో తన తల, భుజం మీద పాప టోపీ కనిపించాయి. పక్కనే కోడి తల. ముత్తక్క దాన్ని చూడమని బతిమాలుతోంది, అది కళ్లు మూసుకుంటోంది.

మెయిన్ రోడ్డు మీద చండ్రుగొండ వైపు వెళ్లే ఆటో దొరికింది. ఆటోలో ఉన్నవాళ్లు పాప ఏడుపుకు ఒకరి తరవాత ఒకరు సలహాలు ఇచ్చారు. కడుపునొప్పేమో అన్నారు, దిష్టి అన్నారు. ఒక పెద్దావిడ "పాలియ్యమ్మా, సిగ్గెందుకు, అందరం ఆడోళ్లమే" అంది. రాజ్యశ్రీ బొటనవేలిని పిడికిట్లో దాచుకుని కిటికీలేని ఆ పక్క నుంచి వెనక్కి పోతున్న టేకు చెట్లను చూసింది. అడవిలో ఎర్రగా ఏది కదిలినా, ఎండుటాకైనా, కుక్కలాగే ఉంది.

దవాఖానలో హేమలత సిస్టర్ ఉంది. రాజ్యశ్రీ చెప్పింది విని ముందు కొళాయి దగ్గరకు తీసుకెళ్లి, సబ్బుతో ఆ వేలు మళ్లీ చాలాసేపు కడిగించింది. డాక్టరు గారితో ఫోన్లో మాట్లాడింది. కుక్క దొరకలేదు కాబట్టి ఆలోచించకుండా సూదులు వేయించుకోవాలని, ఇవాళ ఒకటి, మిగతావి ఏ ఏ రోజుల్లోనో చీటీ మీద రాస్తానని, ఒక్కటీ తప్పకూడదని చెప్పింది. ఇంజెక్షన్ వేస్తుంటే రాజ్యశ్రీకి నొప్పి తెలియలేదు. చూపంతా బయట బెంచీ మీద అత్త ఒళ్లో ఉన్న పాప మీదే.

"గంపలో ఏంటి?" సిస్టర్ అడిగింది.

ముత్తక్క గర్వంగా మూత తీసింది. పెట్ట తల బయటపెట్టి, వార్డు వైపు చూసి, గట్టిగా ఒక కూత పెట్టింది. బెంచీ మీద వాళ్లు నవ్వారు. జ్వరంతో పడుకున్న ముసలాయన కూడా లేచి చూశాడు.

"సాక్ష్యం తెచ్చిన మేడం. గాట్లు సూడుర్రి."

సిస్టర్ నవ్వు ఆపుకుంటూ దూరం నుంచే వంగి చూసింది. "కుట్టింది ఎవరు? చెయ్యి మంచిదే గానీ, కుక్క కరిచిన గాయాన్ని కుట్టి మూసెయ్యొద్దమ్మా. లోపల విషం, చీము ఉండిపోతాయి. ఇంటికి పోయి విప్పెయ్యి. ఒట్టి చేతులతో కాదు, ఇవి వేసుకో." రెండు జతల చేతి తొడుగులు ఇచ్చింది. "సబ్బు నీళ్లతో కడిగి గాలికి వదిలెయ్. రేపు పశువుల డాక్టరుకు చూపించు. చచ్చిపోతే కొయ్యకండి, లోతుగా పాతిపెట్టండి." తరవాత పాప వైపు చూసింది. "ఈ పిల్ల ఇంత ఏడుస్తుందేంటి? పాలు ఇవ్వు."

రాజ్యశ్రీ తల దించుకుంది. "మేడం... పాలల్ల పోదా?"

"ఏది?"

"పుస్తకంల ఉంది గదా. కుక్క మందు, పాలు. తొమ్మిదో తరగతిల."

వెనక ఎవరో కిసుక్కున నవ్వారు. ఆ నవ్వు కోడిని చూసి నవ్విన నవ్వు లాంటిది కాదు. రాజ్యశ్రీ చెవులు వేడెక్కాయి. చెప్పాల్సింది ఇంకా ఉంది. ఆ పాఠం సగంలో ఆగిందని, మిగతా సగంలో ఏముందో తనకు తెలియదని, అది చెప్పమని అడగాలని ఉంది. అడగకుండా కొంగు చివర ముడి వేస్తూ, విప్పుతూ నిలబడింది.

సిస్టర్ నవ్వలేదు. "పాలల్లో రాదు. సూది వేయించుకున్నా పాలు ఇవ్వొచ్చు. నిశ్చింతగా ఇవ్వు." ఇంకేదో చెప్పబోయింది గానీ లోపలి గదిలోంచి కాన్పు నొప్పుల కేక వినబడి పరుగెత్తింది.

రాజ్యశ్రీ బెంచీ చివర గోడ వైపు తిరిగి కూర్చుని, పాపను తీసుకుని కొంగు కప్పుకుంది. కొంగు కింద పాప నోరు వెతికింది. దొరికింది జాకెట్ గుడ్డ. రాజ్యశ్రీ హుక్కులు విప్పలేదు. చూసేవాళ్లకు పాలు ఇస్తున్నట్టు మెల్లగా ఊగింది. పాప గుడ్డనే చీకింది, చీకి చీకి అలసిపోయింది. సిస్టరమ్మ అబద్ధం చెప్పదు. అది రాజ్యశ్రీకి తెలుసు. కానీ పొరపాటు పడితే పోయేది సిస్టరమ్మ బిడ్డ కాదు. పాప తలమీద వెంట్రుకలు చెమటకు అంటుకుపోయాయి. రాజ్యశ్రీ వాటిని వేళ్లతో సర్దబోయి, బొటనవేలు గుర్తొచ్చి చెయ్యి వెనక్కి తీసుకుంది.

ఇంటికి వచ్చేసరికి పాప ఏడ్చి ఏడ్చి సొమ్మసిల్లినట్టు నిద్రపోయింది. గంప కింద కోడిపిల్లలు తల్లి గొంతు విని ఎగిరెగిరి గంపకు తగులుకున్నాయి. రాజ్యశ్రీ పాపను ఉయ్యాలలో వేసి, తొడుగులు వేసుకుంది. పొద్దున అంత కష్టపడి వేసిన కుట్లను బ్లేడుతో ఒక్కొక్కటే తెంపింది. దారం లాగుతుంటే పలచటి నీరు కారింది. సబ్బు నీళ్లు కొంచెం కొంచెం పోస్తూ నిదానంగా కడిగింది. తోలు మళ్లీ తెరుచుకుంది. పొద్దున చూసినప్పటికంటే పెద్దదిగా ఉంది గాయం. పొద్దున మూసేస్తే బాగైపోయినట్టు అనిపించింది. ఇప్పుడు చూస్తూ ఊరుకోవాలి.

పెట్టను వేరే గంప కింద ఒంటరిగా పెట్టి, తొడుగులు పొయ్యిలో వేసి, మళ్లీ చేతులు కడుక్కుంది. పాప లేచి కీచుమంది. గొంతులో శబ్దం కూడా సరిగ్గా రావడం లేదు. రాజ్యశ్రీ బాలామృతం గిన్నె అందుకుంది.

ముత్తక్క ఆ గిన్నె చేతిలోంచి లాక్కుంది.

"దవాఖానల నువ్వు పాలియ్యలే. నేను చూసిన."

రాజ్యశ్రీ చెంచాను కొంగుతో తుడుస్తూ నిలబడింది.

"సిస్టరమ్మ ఇయ్యమన్నది. అయినా ఇయ్యలే."

"భయమైతాంది అత్తా." ఆ మాట బయటికి వచ్చాక ఇంక ఆగలేదు. "పొద్దున ఒకసారి ఇచ్చిన గదా. తెల్వక ఇచ్చిన. గది చాలదా? తెల్సి మల్ల ఇయ్యనా? దీనికి ఏమన్నయితే నేనెట్ల బతుకుత? బడిల ఆ పాఠం నేను సగమే విన్న. మిగిల్నదాన్ల ఏమున్నదో నాకు తెల్వదు, ఎవలు చెప్తరు?"

ముత్తక్క అరుగు మీద కూర్చుని చీర మోకాలి దాకా ఎత్తింది. పిక్క మీద, లోపలి వైపు, ముడతల మధ్య తెల్లటి గుంటలు నాలుగు, పాత గాటు.

"చూడు. కుక్కే. వాగు కాడ ఇప్పపువ్వు ఏరంగ పట్టింది. అప్పుడు నీ మొగుడు నా సంకల ఉన్నడు. నాకెవ్వరు సూది ఎయ్యలే, పాఠం చెప్పలే. ఆయిలాకు పసరు పోసిన్రు, బావులు తిప్పిన్రు. ఒక్క పూట గూడ పాలు ఆపలే నేను. వాడు ఆపనియ్యలే, గంత బకాసురుడు."

"ఏం కాలేదా?"

"నాకేం కాలె. నీ మొగుడిని నువ్వే సూస్తున్నవ్ గదా. వానికేమన్న పిచ్చి కనబడ్తాందా?"

"కనబడ్తది గద."

అది ఎలా నోట్లోంచి వచ్చిందో రాజ్యశ్రీకే తెలియదు. ముత్తక్క కళ్లు పెద్దవి చేసింది.

"గది పెండ్లైనంక పట్టింది. నా పాలది గాదు!"

రాజ్యశ్రీకి నవ్వు వచ్చింది. పొద్దుటి నుంచి బిగబట్టుకున్నదంతా కలిసి పెద్దగా, ఏడుపులా నవ్వింది. ఆ నవ్వుకు పాప బెదిరి ఒక్కసారి ఏడ్చింది. ఆ ఏడుపుకు రొమ్ములు జివ్వుమన్నాయి. పిండకుండానే పాలు కారి, జాకెట్ ముందు భాగమంతా తడిసిపోయింది. ఆపుదామని రెండు చేతులూ అదిమిపెట్టుకుంది. వేళ్ల మధ్య నుంచి కారాయి.

"పారబోస్తవా, ఇస్తవా?" అంది ముత్తక్క. ఈసారి గొంతులో వెక్కిరింత లేదు. పాపను ఎత్తుకొచ్చి ఎదురుగా పట్టుకుంది. ఇవ్వలేదు, ఒళ్లో వెయ్యలేదు. పట్టుకుని నిలబడింది అంతే.

రాజ్యశ్రీ బొటనవేలు చూసుకుంది. చుక్క చిన్నగా, నల్లగా మారింది. పాలల్లో రాదు, అంది సిస్టరమ్మ. లేసిందనలేను, లేవలేదనలేను, అన్నాడు పగిడయ్య. చేతులు చాపింది.

పాప వెంటనే తాగలేదు. పొద్దుటి నుంచి తోసేసిన తల్లి మీద కోపం. ముఖం అటు తిప్పింది, వీపు విల్లులా వంచింది, కాళ్లతో తన్నింది. రాజ్యశ్రీ బతిమాలింది. "దా తల్లీ, దా. అమ్మే. అమ్మ తప్పే." పెదవుల మీద పాల చుక్క రాసింది. పాప నాక్కుంది. ఆలోచించినట్టు ఆగింది. అప్పుడు ఒక్కసారిగా పట్టుకుని, ముక్కుతో బుసకొడుతూ, గుటకలు బయటికి వినబడేలా తాగడం మొదలుపెట్టింది. ఒక చెయ్యి తల్లి మెడ గొలుసును దొరకబుచ్చుకుంది.

రాజ్యశ్రీ ఆ గుటకల్ని వింటోంది. ప్రతి గుటకకూ భయం ఒకసారి దిగి మళ్లీ లేస్తోంది.

"అత్తా."

"ఏందే?"

"నిన్ను కరిసిన కుక్కకు నిజంగ పిచ్చేనా?"

ముత్తక్క ఇప్పపువ్వును చాప మీద ఆరబోస్తోంది. చేతులు ఆపలేదు.

"ఎవలికి తెల్సు? అది గూడ అడివిల పడ్డది."

పాప గుటకల మధ్య ఊపిరి తీసుకోవడానికి వదిలింది. నోటి చుట్టూ పాలు. కళ్లు తల్లి మీదే. రాజ్యశ్రీ కాసేపు ఆ కళ్లలోకి చూసింది. బుగ్గ తుడిచి, పాపను రెండో వైపుకు మార్చుకుంది.